ఎదుటివాడికోసం ఆర్పిన దీపం

బిలాస్‌పూర్, రైల్వే క్వార్టర్స్
గురువారం, వంట ముగించాక

అమ్మకి రమణ దండం పెట్టి రాస్తున్నది.

ఇక్కడ అందరం కులాసా. అలా ఒక్క మాటలో రాస్తే నీకు చాలదని తెలుసు, అందుకని విడివిడిగా రాస్తున్నాను. నేను బాగున్నాను, కడుపులోని బిడ్డ బాగుంది, రైల్వే ఆసుపత్రి డాక్టరమ్మ కూడా అదే చెప్పింది. అత్తయ్యకి చలికి మోకాళ్ళు పట్టేశాయి, నోరు మాత్రం ఎప్పటిలాగే ఆడుతోంది. బావ బాగున్నాడు. గూడ్సు గార్డు ఉద్యోగం కనుక ఎప్పుడు ఇంట్లో ఉంటాడో నాకూ తెలీదు, ఆయనకీ తెలీదు. మామయ్య, అదే నీ తమ్ముడు, బాగున్నాడు. ఆయన సంగతి చాలా ఉంది, కాస్త ఆగి రాస్తాను. నాన్న దగ్గు తగ్గిందా? మిరియాల కషాయం తాగుతున్నానని ఉత్తరంలో రాయించడం కాదు, నిజంగా తాగుతున్నాడో లేదో నువ్వు చూడు.

ఇక్కడ చలి మొదలైంది. మన బొబ్బిలిలో చలంటే తెల్లారగట్ల దుప్పటి కొంచెం పైకి లాక్కోవడం. ఇక్కడ పొద్దు గూకేసరికి అందరూ మఫ్లర్లు చుట్టుకుని ఒకరినొకరు గుర్తుపట్టకుండా తిరుగుతారు. అన్నం బాగుంటుంది. దుబరాజ్ అని ఇక్కడి బియ్యం, ఉడుకుతుంటే వరండా దాకా ఘుమఘుమలాడుతుంది. కానీ ఆ బియ్యంతో మన పులుసు తింటే పులుసు పరువు పోతుంది. ఈ నెలలో నాకు ఎండు నెత్తళ్ళ మీదికి మనసు లాగుతోంది. ఇటు ఎవరైనా వస్తుంటే డబ్బాలో బిగించి పంపు. పక్క క్వార్టరువాళ్ళు జబల్‌పూర్ నుంచి వచ్చిన శాకాహారులు, వేయించే రోజున ఆ వైపు కిటికీ మూసేస్తాను.

ఒక్కర్తినే ఉన్నట్టు ఉంటుందా అని అడిగావు. ఉంటుంది. కాలనీలో సగం మంది మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళే, కానీ తాతల నాడే వచ్చి స్థిరపడ్డారు. పిల్లలు "అచ్ఛా, వస్తాను ఆంటీ" అని మిగతాదంతా హిందీలో మాట్లాడతారు. ఆ "వస్తాను" ఒక్కటి విన్నా ఆ పూటకి గడిచిపోతుంది. బావ తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. అందుకని నీ ఉత్తరాలు నేనే చదివి వినిపిస్తాను, నచ్చనివి దాటేస్తాను.

ఇప్పుడు మామయ్య సంగతి. నన్ను పురిటికి మామయ్య తన కారులోనే బొబ్బిలి తీసుకొస్తాడట నిజమేనా, రాత్రి ప్రయాణమా పగటి ప్రయాణమా అని అడిగావు. వీధిలో అందరికీ చెప్పేశానని కూడా రాశావు. దానికి జవాబు ఒక్క ముక్కలో ఇవ్వొచ్చు. అలా ఇస్తే నువ్వు నీ తమ్ముడిని తప్పుగా అనుకుంటావు. అందుకని మొదటినుంచీ రాస్తాను. ముందే చెబుతున్నాను, ఎవరికీ ఏమీ కాలేదు. ఈ మాట మధ్యలో మళ్ళీ రాస్తాను, కంగారు పడకు.

ఈ ఊళ్ళో చీకటి పడ్డాక బండ్లు నడిపే తీరు నువ్వు చూసి తీరాలి. బొగ్గు లారీలవాళ్ళు దీపాలు పూర్తిగా ఎత్తి ఎదుటివాడి మొహం మీద కొడతారు. దించమని ఎదుటివాడు దీపం ఆడించి అడిగితే, వీళ్ళూ ఒకసారి ఆడించి మళ్ళీ ఎత్తేస్తారు. ట్రాక్టర్లకి ఒక్క దీపమే వెలుగుతుంది, అది ఏ పక్కదో దగ్గరికొచ్చేదాకా తెలీదు. మోటారు సైకిలేమో అనుకుని కొంచెమే పక్కకి జరిగితే, వెనకాల ట్రాక్టరు మొత్తం ఉంటుంది. స్టేషను దగ్గర టాక్సీలవాళ్ళు వీధిదీపాలున్నంత మేర తమవి ఆర్పేసి నడుపుతారు, బ్యాటరీ మిగులుతుందట. రిక్షాలకి దీపమే లేదు. గంట ఉంది కదా అని వాళ్ళ ధీమా.

వీళ్ళందరినీ చూసి మామయ్య కుతకుతలాడిపోతాడు.

"ఎదర బండి వస్తంటే ఆడి కళ్ళలో కొట్టడమేటే? రైలింజిన్ మీద ఇలగ చేస్తే చార్జిషీటిచ్చీస్తారు. ఎదుటోడికి పెళ్ళాం పిల్లలు లేరేటి?" అంటాడు.

మామయ్య బొగ్గింజన్ల కాలం నుంచి ఇంజిన్ మీదే ఉన్నాడని నీకు తెలుసు. ఎదురుగా ఇంకో రైలొస్తుంటే ఇంజిన్ దీపం తగ్గించాలి, అవతలి డ్రైవరు కళ్ళు చెదరకుండా. ఆ పాత ఇంజిన్లలో తగ్గించడమనేది లేదట, వెలిగించడమో ఆర్పడమో, అంతే. అందుకని ఆయన నేర్చుకున్నది ఆర్పడం. అది రూలే గాని, వీళ్ళకి రూలు కన్నా మర్యాద. ఎవడైనా దీపం ఆర్పకుండా దాటి వెళ్ళాడంటే కాలనీలో నెల్లాళ్ళు వాడి పేరు చెప్పుకుని తిడతారు.

దసరా ముందు ఇక్కడ ఒక తమాషా జరిగింది. మా వరసలో ఒక డ్రైవరు గారు, లోకో షెడ్డు దగ్గర ఇంకో డ్రైవరు గారు, ఇద్దరూ మనవాళ్ళే, ఇద్దరూ కొత్తగా స్కూటర్లు కొన్నారు. దయాల్‌బంద్ వైపు పోయే రోడ్డు మీద ఒక సాయంత్రం ఎదురుపడ్డారు. ఈయన ఆయన కోసం దీపం ఆర్పాడు, ఆయన ఈయన కోసం ఆర్పాడు. ఇద్దరూ తిన్నగా వచ్చి ఒకరినొకరు గుద్దుకున్నారు. లేచి ముందు నమస్కారాలు చేసుకున్నారట, ఆ తర్వాత రోడ్డు మీద దొర్లిన కాలీఫ్లవర్లు కలిసి ఏరుకున్నారట. కాలనీ అంతా నవ్వింది, నేనూ నవ్వాను. మామయ్య ఒక్కడే నవ్వలేదు.

"ఇద్దరూ రూలు ప్రకారమే చేసేరు. తప్పేటుంది?" అన్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకే ఆయన కారు కొన్నాడు. రాయ్‌పూర్‌లో ఎవరో వాడి వాడి వదిలేసిన పాత అంబాసిడరు. తెల్లది. వెనక తలుపు ఒకటి బయటినుంచే తెరుచుకుంటుంది, అత్తయ్య అటువైపే కూర్చుంటుంది కనుక ప్రతిసారీ మామయ్య దిగి వచ్చి తియ్యాలి. అది అత్తయ్యకి నచ్చింది.

ఎందుకు కొన్నాడో చెబుతాను విను. ఇన్నేళ్ళూ ఆయన పాసు మీద రైల్లో వచ్చి, నీ గుమ్మం ముందు రిక్షా దిగాడు. రిటైరయ్యే లోపల ఒక్కసారి కారు దిగాలట. అందులోంచి నేను నిండు నెలలతో దిగాలట, నువ్వు ఎర్రనీళ్ళు పట్టుకుని నిలబడాలట. ఇది ఆయన నాతో అనలేదు. కారు తుడుస్తూ అత్తయ్యతో అంటుంటే కిటికీలోంచి విన్నాను. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

"పురిటికి పుట్టింటోరొచ్చి తీసుకెళ్ళాల గాని మనం దింపడమేటి?" అంది అత్తయ్య.

"నాను పుట్టింటోణ్ణి కానేటి? మేనమామని. దానికి పుట్టిల్లూ నానే, అత్తిల్లూ నానే," అన్నాడు మామయ్య. అత్తయ్య ఆయన చేతిలోని గుడ్డ లాక్కుని తనే కారు అద్దం తుడవడం మొదలెట్టింది.

కారు నేర్పినవాడు దయాల్‌బంద్ మెకానిక్కు. ఈ పాత కార్లలో ఎదుటి బండి వచ్చినప్పుడు దీపాలు దించే గుండీ చేతి దగ్గర ఉండదు. క్లచ్ పక్కన నేల మీద ఉంటుంది, ఎడమ కాలితో నొక్కాలి. మెకానిక్కు అది చూపించగానే మామయ్య మొహం చిట్లించాడు.

"దీపాన్ని కాలితో తొక్కడమేటయ్యా?" అన్నాడు.

మెకానిక్కుకి తెలుగు రాదు కనుక అచ్ఛా అన్నాడు. తప్పు మామయ్య ఒక్కడిదే కాదమ్మా. దేవుడి దగ్గర దీపం నోటితో ఊదనివ్వవు నువ్వు, పువ్వుతో కొండెక్కించమంటావు. మీరిద్దరూ ఒక్క ఇంట్లో పెరిగినవాళ్ళే కదా. మామయ్య ఆ నేల మీది గుండీ జోలికే పోలేదు. ఎదుటి బండి వస్తే ముందున్న పెద్ద గుండీని చేత్తో పట్టుకుని దీపాలు మొత్తంగా ఆర్పేస్తాడు, బండి దాటాక మళ్ళీ వెలిగిస్తాడు. నేను చీకట్లో ఆ కారు ఎక్కలేదు కనుక ఈ సంగతి నాకు తెలీదు.

కిందటి ఆదివారం కొత్త బియ్యానికి మామయ్య, అత్తయ్య, నేను కారులో బిల్హా అనే ఊరు వెళ్ళాం. కుదుపు తక్కువని నన్ను ముందు కూర్చోబెట్టారు. మిల్లు దగ్గర తెలిసినాయన టీ తాగితే గాని కదలనివ్వలేదు, బయల్దేరేసరికి పొద్దు గూకిపోయింది. చకర్‌భాటా దాటాక ఒక జీపు ఎదురొచ్చింది. ఉన్నట్టుండి నా ముందు ఏమీ లేదు. కళ్ళు మూసుకున్నానేమో అనుకుని తడుముకున్నాను.

"మామయ్యా, దీపం పోయింది," అన్నాను.

"పోలేదే, ఆర్పేను. ఎదర బండి," అన్నాడు తాపీగా.

"దారి కనబడదు కదా?"

"ఎంతసేపే, ఆడు దాటీదాకా," అన్నాడు. జీపు దాటింది, దీపం వెలిగింది, దారి మళ్ళీ కనబడింది. అంత బరువు రైళ్ళు నడిపినవాడికి నేనేం చెబుతాను, ఊరుకున్నాను.

తర్వాత లారీ వచ్చింది. మామయ్య ఆర్పాడు, వాడు దించలేదు. కళ్ళు జిగేలుమన్నాయి. "చూసేవా, నాను ఆర్పీసినా ఆడికి సిగ్గు లేదు," అంటున్నాడు మామయ్య. లారీ దాటిపోయింది. ఇంకా దీపం వెలగలేదు. అప్పుడు నా పక్కనే, కిటికీకి ఆనుకుని ఇత్తడి మోగినట్టు ఒక చప్పుడు. బ్రేకు పడింది, బియ్యం బస్తా మీద నుంచి అత్తయ్య ముందుకొచ్చింది.

ఎవరికీ ఏమీ కాలేదమ్మా. మామయ్య దీపం వెలిగించేసరికి రోడ్డంతా పాలు. పక్కన వరిమడి గట్టు మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు, ఆయన సైకిలు పడిపోయి ఉంది, దానికి కట్టిన పాలబిందెలు పొర్లి ఉన్నాయి. సైకిలు నడిపించుకుంటూ రోడ్డు వారన పోతున్నాడట, మన కారు బిందెకి తగిలింది. ఆయనకి మోకాలి దగ్గర తోలు లేచింది, అంతే. మర్నాడు నన్నూ ఆసుపత్రికి తీసుకెళ్ళి చూపించారు, నాకూ ఏమీ లేదు.

మామయ్య పరుగున దిగాడు. ఆయన్ని లేపాడు, సైకిలెత్తాడు, బిందెలెత్తాడు, ఖాళీవని తెలిసినా మూతలు పెట్టాడు. ఆయనది మామయ్య వయసే ఉంటుంది. తిట్టలేదు. పంచె దులుపుకుని, "బత్తీ లా కాబర్ బుతా దేవ్, బాబూ?" అని అడిగాడు. దీపం ఎందుకు ఆర్పేశావని.

"సామ్‌నేవాలే కే లియే," అన్నాడు మామయ్య. ఎదుటివాడికోసం అని.

ఆయన సైకిలు హ్యాండిలు అందుకున్నాడు. "ఔ మోర్ బర్?" అన్నాడు. మరి నాకోసం అని. కోపంగా కాదు. దుకాణంలో తన వంతు సరుకు ఏదని అడిగినట్టు అడిగాడు.

ఇంజిన్ మీద ఈ ప్రశ్న అడిగేవాడు ఉండడు. అక్కడ ఎదుటి రైలు, మన రైలు, అంతే. దీపం ఆర్పినా దారి తప్పే పని లేదు, పట్టాలు తీసుకుపోతాయి. రోడ్డు మీద ఎదుటివాడూ మనమూ కాక ఇంకొకడుంటాడు, అసలు దీపమే లేనివాడు. ఇంటిదగ్గర దింపుతానని మామయ్య ఎంతో బతిమాలాడు. ఆయన కారు వైపు చూసి, అక్కర్లేదు, అదిగో ఆ కనబడేదే మా ఊరు అని సైకిలు తోసుకుంటూ వెళ్ళిపోయాడు. ఆయన గట్టు దిగేదాకా మామయ్య కారు తిప్పి దీపం అటు పట్టించాడు.

మళ్ళీ బయల్దేరాం. కొంచెం దూరంలో ఇంకో బండి దీపాలు కనబడ్డాయి. నేను చూస్తూనే ఉన్నాను, మామయ్య చెయ్యి లేచి గుండీ దగ్గరికి వెళ్ళి ఆర్పేసింది. వెంటనే వెలిగించి, కారు పక్కకి ఆపి, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నాడు.

"నాను ఆర్పలేదే రమణా. చెయ్యి ఆర్పీసింది."

"ఆ చెయ్యి ఎవరిదేటి మరి?" అంది వెనక నుంచి అత్తయ్య. అప్పటిదాకా సింహాద్రి అప్పన్నకి మొక్కుకుంటూ ఉంది.

నాకు భయం వేసింది. దిగి నడవాలంటే ఊరు దూరం, నా ఒళ్ళు ఇలా ఉంది. అప్పుడొకటి తోచింది. ఇంజిన్ మీద సిగ్నల్ కనబడగానే అసిస్టెంటు పైకి చెప్పాలి, డ్రైవరు అదే మాట తిరిగి చెప్పాలి. ఇద్దరి నోటా రాకపోతే ఆ సిగ్నల్ చూసినట్టు కాదు. చిన్నప్పుడు మనింటికొచ్చినప్పుడు నాతో ఆ ఆట ఆడేవాడు మామయ్య, నీకు గుర్తుండాలి. నేను నా అరచెయ్యి ఆ గుండీ మీద కప్పి పెట్టాను. "పోనియ్యి మామయ్యా. ఎదర బండి. దీపం ఉంచు," అన్నాను.

ఆయన నావైపు చూశాడు. "దీపం ఉంచు," అన్నాడు. ఆ గొంతు ఇంటి గొంతు కాదు, ఇంజిన్ గొంతు.

దారిపొడుగునా అదే పని. లారీ, దీపం ఉంచు. దీపం ఉంచు. ట్రాక్టరు, దీపం ఉంచు. దీపం ఉంచు. రెండుసార్లు ఆయన చెయ్యి వచ్చి నా చేతికి తగిలి వెనక్కి పోయింది. దించకపోతే ఎదుటివాళ్ళు తిడుతున్నారు. ఒక బస్సువాడు తల బయటపెట్టి మరీ తిట్టాడు. అప్పుడు మామయ్య ఎడమ కాలి చెప్పు విడిచాడు. వట్టి కాలితో ఆ నేల మీది గుండీ నొక్కి, చెయ్యి కళ్ళకద్దుకున్నాడు. దీపం ఆరకుండా కిందికి దిగింది. ఊళ్ళోకి వచ్చేసరికి అత్తయ్య కూడా వెనకనుంచి "రిక్షా, దీపం ఉంచు" అంటోంది.

మర్నాడు పొద్దున్నే మామయ్య ఆ ఊరు వెతుక్కుంటూ సైకిలు మీద వెళ్ళి ఆ పాలాయన్ని చూసి వచ్చాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. కారుకి మాత్రం గుడ్డ కప్పేశాడు. కాలితో నొక్కడం వచ్చేసింది కదా, అలవాటు చేసుకుంటే సరిపోదా అని నేనే అడిగాను.

"ఇంజిన్ మీద నాకు ఈ చెయ్యే కావాల. ఎదర రైలొస్తే దానంతటది లేచే చెయ్యి. రోడ్డు కోసం దీనికి వద్దని నేర్పితే, అక్కడ లేవడం మానీగలదు. అక్కడ నా ఎనకాల ఎంతమందుంటారో తెలుసు కదా? డ్యూటీ ఉన్నన్నాళ్ళూ ఇది ఇలగే ఉండాల. రిటైరయ్యేక రోడ్డు నేర్చుకుంటాను," అన్నాడు.

ఇప్పుడు నీ ప్రశ్నకి జవాబు. కారు రావడం లేదు. రాయ్‌పూర్‌లో మారి రైల్లో వస్తాం, మామయ్యే తీసుకొస్తాడు. పుట్టింటివాళ్ళం మేమొస్తాం అని నాన్నని మాత్రం పంపకు. నా పుట్టిల్లూ తానేనన్న మాట ఆయనకి మిగలనీ. కారేదని వీధిలో అడిగితే డాక్టరమ్మ కుదుపులు వద్దందని చెప్పు. అబద్ధం కాదు, ఆవిడ నిజంగానే అంది. నువ్వు మాత్రం కారు మాటెత్తకు. ఎత్తావంటే ఆయన నవ్వేస్తాడు, ఆ నవ్వు నేను చూడలేను.

ఇంకొక్క సంగతి. ఆ రోజునుంచీ మామయ్య ఇంట్లో ఏ దీపం ఆర్పబోయినా ముందు ఆగి, "ఎవరేనా రావాలేటి ఇంకా?" అని పైకి అడుగుతున్నాడు. అత్తయ్య విసుక్కుంటోంది. నేను జవాబు చెబుతున్నాను.

నాన్నకి, పెద్దమ్మకి, మేడమీద మాస్టారికి నా దండాలు చెప్పు. చిన్నదాన్ని చదువుకోమను. నన్నూ, లోపలి బిడ్డనీ తలుచుకుని దేవుడి దగ్గర రెండు అక్షింతలు పక్కన పెట్టు, వచ్చి వేయించుకుంటాం. మా రైలు బొబ్బిలి చేరేసరికి ఇంకా తెల్లారదు. మామయ్య మన వీధి మలుపు తిరిగేసరికి ఆయనకి కనబడాలి, గుమ్మంలో దీపం ఉంచు. ఈ ఉత్తరానికి జవాబు రాసేటప్పుడు అన్నిటికన్నా ముందు ఆ మాటే తిరిగి రాయి, నేను ఆయనకి చదివి వినిపిస్తాను.

నీ కడుపున పుట్టి నీ తమ్ముడి నీడన ఉన్న
రమణ